అర్బాబ్‌కు నేను చదివి వినిపించిన కాంటన్

మా మేనల్లుడు శ్రీనివాసుకు కరీంనగర్‌లో లైట్ల దుకాణం ఉంది. సరుకు చూసుకోవడానికి వచ్చే వారం చైనా పోతున్నానని చెప్పడానికి మొన్న ఆదివారం ఇంటికి వచ్చాడు. గ్వాంగ్‌జౌ అని ఆ దేశానికి దక్షిణాన పెద్ద ఓడరేవు పట్నమట, లోకంలో వెలిగేవన్నీ అక్కడే తయారవుతాయట. ఫోన్ తీసి ఆ ఊరి బొమ్మలు ఒక్కొక్కటే నా కళ్ల ముందు జరిపాడు. నది, నదికి రెండు పక్కలా మేడలు, నడుము సన్నగా ఉన్న ఒక పెద్ద స్తంభం, దాని ఒంటినిండా రంగురంగుల దీపాలు. "ఈ ఊరు నాకు తెలుసురా" అన్నాను. వాడు మర్యాదస్తుడు కనుక నవ్వలేదు. వంటింట్లోంచి మా ఆవిడ మాత్రం, "తెలువకేం, ఆ ఊరి ముచ్చట్లు జెప్పి ఒక ముసలాయన్ని ఆగం జేసిండు మీ మామ" అంది. ఆమె చెప్పింది నిజమే. నా పాస్‌పోర్టులో ఆ దేశం ముద్ర ఒక్కటి కూడా లేదు. అయినా ఆ పట్నాన్ని ఒక మనిషికి వీధివీధినా పరిచయం చేసిన ఘనత నాకుంది. అది ఒమన్‌లో, రుస్తాఖ్‌లో జరిగింది. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. అప్పట్లో ఆ పట్నాన్ని బయటివాళ్లు కాంటన్ అనేవాళ్లు. చైనావాళ్లు అచ్చు వేసిన ఇంగ్లీషు పుస్తకాల్లో క్వాంగ్‌చౌ అని ఉండేది. ఇప్పుడు గ్వాంగ్‌జౌ అంటున్నారు. ఇన్నిసార్లు పేరు మారిన ఊరు కనుక నేను చెప్పిన అబద్ధాలు ఏ పేరు కింద పడి ఉన్నాయో ఎవరూ వెతికి పట్టుకోలేరని అప్పుడప్పుడు ధైర్యం చెప్పుకుంటాను.

మాది ధర్మపురికి కాస్త ఎగువన, గోదావరి ఒడ్డు ఊరు. పదో తరగతి ఇంగ్లీషులో మూడు మార్కుల తేడాతో తప్పాను. కష్టపడి చదివి మళ్లీ రాసి, ఈసారి తొమ్మిది మార్కుల తేడాతో తప్పాను. చదువు నన్ను ఏ దిక్కుకు తీసుకుపోతోందో అర్థమై బొంబాయి రైలెక్కాను. ఒమన్‌లో మొదట బర్కాలో ఖర్జూరపు తోటల పక్కన గోడౌన్లకు పునాదులు తవ్వాను. తర్వాత కంపెనీ మమ్మల్ని కొండల వైపు రుస్తాఖ్‌కు మార్చింది. అక్కడ బడి కడుతున్నాం. నా డ్యూటీ ఇసుక జల్లెడ పట్టడం. పొద్దున పట్టిన ఇసుక మధ్యాహ్నానికి సగం నా నోట్లో ఉండేది. రూమ్‌లో ఆరుగురం. అందరి గురించీ చెప్పను, ఖాదర్ అన్న గురించి చెబితే చాలు. కడప మనిషి, ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, కంపెనీలో లారీ డ్రైవర్. లోకమంతా తిరిగి వచ్చినవాడిలా మాట్లాడేవాడు. లోకంలో ఆయన చూసినవి కడప, ఒమన్ రెండే.

ఒకనాడు ఎండ బాగా ఎక్కిన వేళ, తెల్లటి దుస్తుల్లో ఒక పెద్దాయన చేతికర్ర ఊపుకుంటూ సైట్‌లోకి వచ్చాడు. కళ్లకు సుర్మా, గడ్డం తెలుపు, మెడ నిటారు. మా కాంట్రాక్టరుకు మేనమామ. పేరు నాసిర్. ఊళ్లో బజారు మొదట్లో గిన్నెలు, లాంతర్లు, ఫ్లాస్కులు అమ్మే దుకాణం ఆయనదే. చిన్నతనంలో పడవల మీద బొంబాయి వచ్చిపోయేవాడు కనుక హిందీ మాట్లాడేవాడు. ఆ హిందీలోనే, ఇక్కడ ఇంగ్లీషు చదవడం ఎవరికి వచ్చని అడిగాడు. అది వచ్చిన ఒక్క సూపర్‌వైజర్ ఆ రోజు మస్కట్‌లో ఉన్నాడు. ఎండలో ఇసుక జల్లెడ పడుతున్నవాడికి ఏ భాష అయినా వచ్చినట్టే ఉంటుంది. నేను చెయ్యెత్తాను. ఆయన చంకలోంచి ఒక పలచటి పుస్తకం తీసి నా చేతికిచ్చాడు. అట్ట మీద ఉన్న అక్షరాలు కూడబలుక్కుని పైకి చదివాను. ఆ ఊరి పేరు నేనెంత తప్పుగా పలికానో ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. ఇద్దరికీ సంతోషం కలిగింది. మర్నాటి నుంచి నేను ఆయన దుకాణంలో మనిషినయ్యాను. అక్కడ యజమానిని అర్బాబ్ అనేవాళ్లం. నేను ఆయన్ని చివరిదాకా అలాగే పిలిచాను.

సంగతేమిటంటే, ఆయన దుకాణంలోని ఎనామిల్ గిన్నెలూ లాంతర్లూ అన్నీ చైనావే. మత్రా రేవులోని ఒక పెద్ద వర్తకుడి దగ్గర కొని తెచ్చేవాడు. కాంటన్‌లో ఏటా రెండుసార్లు సరుకుల ప్రదర్శన జరుగుతుందని, దేశదేశాల వ్యాపారులు వస్తారని, ఈసారి నువ్వే పోయి నీకు కావలసినవి చూసుకొమ్మని ఆ వర్తకుడు ఆయన పేరున ఆహ్వానం తెప్పించాడు. దాంతోపాటు వచ్చిందే ఈ పుస్తకం. ఆ పట్నానికి కొత్తగా వచ్చేవాళ్లకు పరిచయం. అర్బాబ్ బొంబాయి దాటి తూర్పుకు ఎన్నడూ పోలేదు. పోయేలోగా ఆ ఊరిని పూర్తిగా తెలుసుకోవాలని ఆయన పట్టుదల. రెండు నెలల గడువుంది.

ఆ దుకాణం వాసన ఇప్పటికీ నాకు గుర్తుంది. కిరసనాయిలు, కొత్త గిన్నెల చుట్టూ చుట్టిన గడ్డి, ఎండిన నిమ్మకాయలు, పక్క కొట్లోంచి వచ్చే ఎండు సొరచేప, అన్నిటి మీదా లుబాన్ పొగ. లుబాన్ అంటే మన సాంబ్రాణి లాంటి బంక. ఉదయం దుకాణం తెరవగానే అర్బాబ్ ముందు ఆ పొగ వేసేవాడు. తన బట్టల కిందికి, గడ్డంలోకి, తలుపు మూలల్లోకి పట్టించి, ఆఖర్న నన్నూ దగ్గరికి పిలిచి నా చొక్కాకు పట్టించేవాడు. సైట్ వాసన పోవడానికని చెప్పేవాడు. తర్వాత లాంతరు గాజులు పాత కాగితాలతో తుడవాలి. ఆయన ఒక్కో గిన్నెనూ వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. మోత నచ్చకపోతే కొనడానికి వచ్చినవాడు బతిమాలినా ఇచ్చేవాడు కాదు, ఇది నీ ఇంట్లో బతకదు అని పక్కన పెట్టేసేవాడు. మధ్యాహ్నం నమాజు అయ్యాక దుకాణం మూసి ఇంటికి పోయేవాళ్లం. ఇంటి ముందు నుంచే ఫలజ్ అనే సన్నటి నీటి కాలువ పారేది. కాళ్లు కడుక్కుని వసారాలో చాప మీద కూర్చుంటే లోపలినుంచి అన్నం, చేప, పెరుగు వచ్చేవి. పంపేది ఆయన భార్య. ఊళ్లో అందరూ ఆమెను ఉమ్ సాలిం అనేవాళ్లు. ఆమె చెయ్యి, ఆ చేతికి వెండి కడియం తప్ప చాలా కాలం నేనేమీ చూడలేదు. ఖర్జూరాలు, చేదు కాఫీ అయ్యాక అర్బాబ్ దిండుకు ఆనుకుని కళ్లు మూసుకుని, "చదువు రాజా" అనేవాడు. నా పేరు రాజేశం. ఒమన్‌లో నాకు దక్కిన ఏకైక పదోన్నతి అదే.

పుస్తకం నలభై పేజీలు. మొదటి వాక్యానికి ఒక మధ్యాహ్నం పట్టింది. నది అన్న మాట తెలుసు, ముత్యం తెలుసు, కనుక ఆ పట్నం ముత్యాల నది ఒడ్డున ఉందని చెప్పాను. అది నిజమే. వాతావరణం గురించి ఏదో పొడుగాటి మాట వచ్చింది. ఎటునుంచి చూసినా అర్థం కాలేదు. అక్కడి మనుషులు చాలా మంచివాళ్లని రాశారు అర్బాబ్ అన్నాను. ఆయన కళ్లు తెరిచి, ముత్యాల కోసం నదిలో మునుగుతారా అని అడిగాడు. ఆయన చిన్నాయన పడుచుతనంలో ముత్యాల పడవల మీద పోయి, లోతుల్లో మునిగి మునిగి చెవులు పోగొట్టుకున్నాడట. మునుగుతారని చెప్పాను. చెవులకు ఏం మందు వేస్తారో రాశారా అన్నాడు. వెల్లుల్లి కాచిన నూనె అని రాశారన్నాను. అది మా నాయనమ్మ వైద్యం. అర్బాబ్, ఆ సంగతి మా చిన్నాయనకు తెలియక పోయిందే అన్నాడు. అప్పుడే ఆపాల్సింది. కానీ ఆయన ముఖంలో ఆ నెమ్మది చూశాక, తెలియని మాట వచ్చిన ప్రతిచోటా నాకు తెలిసిన ఊరిని పెట్టడం మొదలుపెట్టాను.

అలా మా గోదావరి ముత్యాల నదిగా మారింది. ఒడ్డున ఇసుకలో మంగళ్లు వరసగా కూర్చుని గడ్డాలు గీస్తారని, గీసేటప్పుడు ఊళ్లోని సంగతులన్నీ చెబుతారని చదివాను. పడవవాడు అవతలి ఒడ్డు నుంచి కేక వేస్తే ఇవతలి ఒడ్డు మనిషి పేరు పెట్టి పలుకుతాడని చదివాను. తెల్లవారగానే ఆడవాళ్లు నది నీళ్లు ఇత్తడి బిందెల్లో తెస్తారని, బిందె మీద మూతగా ఒక ఆకు వేస్తారని చదివాను. పుస్తకంలో నిజంగా ఉన్న పడవల్లో కాపురాలు, పూల అంగళ్లు, పొద్దున్నే టీ తాగే హోటళ్లు మధ్యమధ్యలో సాయానికి వచ్చేవి. అర్బాబ్ బిందె మీద ఆకు దగ్గర నన్ను ఆపి మళ్లీ చదవమనేవాడు. పుస్తకంలో ఎక్కడ ఉందో వేలితో చూపించమని మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఆ నమ్మకమే నన్ను భయపెట్టేది, ఆ నమ్మకం వల్లే నా ఉద్యోగం నిలిచేది.

పద్నాలుగో పేజీలో పెద్ద చిక్కు వచ్చింది. ఆ పట్నానికి ఐదుగురు 'రామ్'ల నగరం అని ఇంకో పేరుందట. నా కళ్లను నేనే నమ్మలేకపోయాను. ఆ ఐదుగురు వరి కంకులు తెచ్చి కరువు తీర్చారని కూడా ఉంది. ఒక రాముణ్ణే ఎరిగిన ఊరి నుంచి వచ్చినవాణ్ణి, ఐదుగురంటే ఎలా ఉంటుంది. పైగా ఎదురుగా కూర్చున్నది ఐదుపూటలా నమాజు చేసే మనిషి. జాగ్రత్తగా, రామ్ అనే పేరున్న ఐదుగురు పెద్దమనుషులు ఆ ఊరు కట్టారట అర్బాబ్ అన్నాను. "హిందువులా?" అన్నాడు ఆశ్చర్యంగా. ఉండొచ్చన్నాను. మీ వాళ్లు అంత దూరం పోయారా అని ఆయన ఆ రోజంతా నన్ను ప్రత్యేకమైన గౌరవంతో చూశాడు. సాయంత్రం దుకాణానికి వచ్చిన ఇద్దరు ముగ్గురికి చెప్పాడు కూడా.

రూమ్‌కు పోయి ఈ సంగతి ఖాదర్ అన్నకు చెబితే ఆయన నవ్వలేదు. రొట్టె కాలుస్తున్నవాడల్లా పెనం దించి నా వైపు తిరిగాడు.

"ఏం చేస్తాండావో తెలుస్తాందా అబ్బీ నీకు? ఆ ముసలాయన నీ మాట పట్టుకోని పోతాండాడు. నిన్ను నమ్ముకోని యాడన్నా తప్పిపోతే?"

"ఏం జెయ్యాలె అన్నా? రాదంటే రేపే మల్ల జల్లెడ కాడికి తోల్తరు."

"జల్లెడ కాడైతే పోయేది ఇసకనే కదా, మనిసి కాదు" అన్నాడు ఖాదర్ అన్న. పెనం మళ్లీ పొయ్యి మీద పెట్టాడు.

ఆ మాట రెండు రోజులు నాతో ఉంది. ఆ రెండు రోజులూ తెలిసిన మాటలే చెప్పి తెలియనివి దాటేయాలని గట్టిగా అనుకున్నాను. అదృష్టమో దురదృష్టమో, ఆ పేజీ నాకు బాగానే అర్థమైంది. ఆ పట్నంలో చాలా పాత మసీదు ఉందని, వెయ్యేళ్ల కిందట అరబ్బు వర్తకులు ఓడల్లో వచ్చి అక్కడ కాపురం ఉండేవాళ్లని, మసీదు పక్కన ఉన్న నున్నటి గోపురం మీద దీపం పెడితే నదిలో ఓడలకు దారి కనిపించేదని. ప్రతి మాటా తెలిసిందే, ఒక్క అక్షరం కల్పించలేదు. గర్వంగా చదివాను. అర్బాబ్ మొదటిసారి నన్ను చూసి నవ్వాడు. దేవుడే లేడనే ప్రభుత్వం ఉన్న చోట మసీదు ఎక్కడిది, నా సంతోషం కోసం చెబుతున్నావు, నువ్వు మంచివాడివి రాజా అన్నాడు. ఉంది అర్బాబ్, రాసి ఉంది అన్నాను. సరే సరే అని నా భుజం తట్టాడు. నా అబద్ధాలన్నీ నమ్మిన మనిషి నేను చెప్పిన ఒకే ఒక్క నిజాన్ని మర్యాద కోసం చెప్పిన మాటగా తీసుకున్నాడు.

బయలుదేరే రోజు ఉమ్ సాలిం పెద్ద మూట కట్టింది. ఖర్జూరాలు, ఎండు చేప, పలచటి రొట్టెలు, నెయ్యి సీసా. అర్బాబ్ ఆ మూటను ఎత్తి చూసి, ఇంత బరువెందుకు, అక్కడ వీధివీధినా మేకమాంసం, రొట్టె దొరుకుతాయని రాజా చదివాడు కదా అన్నాడు. నిజమే, చదివాను. తిండి గురించి మూడు పేజీలుంటే, ఒక్క వంటకం పేరూ అర్థం కాక, మా ఊరి అంగడిలో దొరికేవి చెప్పాను. మూట తీసుకుపోండి అర్బాబ్, ఎందుకైనా మంచిది అన్నాను. అంతకంటే ముందుకు నోరు రాలేదు. ఆయన ఖర్జూరాలు మాత్రం ఉంచుకుని మిగతావి తీయించాడు. మత్రా వర్తకుడి మనిషి ఒకడు హాంకాంగ్ దాకా తోడు వెళ్లేట్టు, అక్కడి నుంచి ఒంటరిగా రైలెక్కేట్టు ఏర్పాటు. ఖాదర్ అన్నే లారీలో ఎక్కించుకుని విమానాశ్రయంలో దింపి వచ్చాడు. వచ్చి, దారిపొడుగునా ఆ బిందె మీద ఆకు గురించే చెప్పాడబ్బీ అన్నాడు.

పది రోజులు గడిచాయి, పదిహేను గడిచాయి. కబురు లేదు. అప్పుడు అక్కడి నుంచి కబురు వచ్చే మార్గమూ లేదు. ఒక మధ్యాహ్నం నేను దుకాణం మూసి తాళంచెవి ఇవ్వడానికి పోతే, ఉమ్ సాలిం తలుపు వెనకనుంచి పుస్తకం నీ దగ్గరే ఉందా అని అడిగింది. ఉందన్నాను. అప్పటికి నాకు అరబ్బీ, ఆయన వల్ల ఆమెకు హిందీ కొంచెం అర్థమయ్యేవి. ఈ వేళప్పుడు ఆయన ఏ వీధిలో ఉంటాడో, ఏం తింటూ ఉంటాడో చూసి చదవమంది. ఆ ఇంట్లో అన్నాళ్లూ నేను కూర్చున్న చాపే అది. కానీ ఆ రోజు కూర్చోలేకపోయాను. రేపు చదువుతానమ్మా అని వచ్చేశాను. ఖాదర్ అన్న మత్రా పోతుంటే కాళ్లావేళ్లా పడి ఒక ఇంగ్లీషు–హిందీ నిఘంటువు తెప్పించుకున్నాను. బడిలో హిందీ కాస్త వంటబట్టింది కనుక దాని సాయంతో మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టాను. పరీక్షకు రెండుసార్లు పోయినప్పుడు కూడా అంత భయంతో చదవలేదు. రామ్ అన్న మాటకు ఎదురుగా హిందీలో మేఢా అని ఉంది. ఖాదర్ అన్నను అడిగాను. "పొట్టేలు" అన్నాడు. ఐదుగురు దేవతలు ఐదు పొట్టేళ్ల మీద ఎక్కి వరి కంకులు తెచ్చారని అసలు కథ. తిండి పేజీల్లో పంది, పాము, బాతు ఉన్నాయి. మేకమాంసం ఊసు లేదు. ఆ పేజీ దగ్గర నిఘంటువు మూసేశాను.

మర్నాటి నుంచి ఉమ్ సాలింకు ఉన్నది ఉన్నట్టు చదివాను. తలుపు ఇవతల నేను, అవతల ఆమె. వానలు ఎక్కువని, సైకిళ్లు ఎక్కువని, పందిమాంసం తింటారని. ఆమె మధ్యలో ఆపి, మొదట ఆయనకు ఇలా చదవలేదు కదా నువ్వు అంది. వసారాలో కూర్చుని నేను చదివినవన్నీ లోపల కూర్చుని రెండు నెలలు విన్నది ఆమె కూడా. లేదమ్మా, అప్పుడు నాకు రాదు అన్నాను. అవతల కడియం చప్పుడు ఆగిపోయింది. తర్వాత ఆమె చదువు అంది. తిట్టి ఉంటే బాగుండేది.

నెల దగ్గరపడుతుండగా అర్బాబ్ వచ్చాడు. బుగ్గలు లోపలికి పోయాయి, గడ్డం అడ్డదిడ్డంగా పెరిగింది, చొక్కా భుజాల మీద వేలాడుతోంది. ఊళ్లోవాళ్లు వచ్చి కుశలం అడిగి పోయేదాకా నన్ను చూడనట్టే ఉన్నాడు. మధ్యాహ్నం భోజనమయ్యాక దిండుకు ఆనుకున్నాడు. కళ్లు మూసుకోలేదు.

"రాజా, మీ రాములను చూశాను. నాలుగు కాళ్లు, కొమ్ములు" అన్నాడు.

ఆయన నెమ్మదిగా చెప్పుకుంటూ పోయాడు. ఎత్తయిన హోటల్లో పదో అంతస్తులో గది ఇచ్చారట. దోమతెర, వేడినీళ్ల ఫ్లాస్కు. ఫ్లాస్కును వేలితో కొట్టి చూస్తే మోత బాగుందట. తిండి బల్ల మీద ఏది ఏ జంతువో తెలియక ఐదు రోజులు ఖర్జూరాలు, ఉడికించిన గుడ్లు, టీనీళ్లతో గడిపాడట. నది ఒడ్డుకు పోయి మంగళ్ల కోసం వెతికితే, అరబ్బీ వచ్చిన దుభాషీ అమ్మాయి ఆయనకు జబ్బేమైనా చేసిందేమోనని డాక్టర్ని పిలిపించిందట. ఆరో రోజు ఆ అమ్మాయే విదేశీ వర్తకులందరినీ ఒక తోటలోకి తీసుకుపోయి రాతి పొట్టేళ్లను చూపించి కథ చెప్పిందట. అప్పుడు అర్థమైందట ఆయనకు. ఇక ఆ పుస్తకంలో నేను చదివినదేదీ నిజం కాదని తేలిపోయాక, ఏమీ తోచక, ఊరికే అడిగినట్టు, ఇక్కడ పాత మసీదు ఉందా అని అడిగాడట.

"ఉందంది" అన్నాడు అర్బాబ్. "గేటు వేసి ఉంది. పక్కన ముసలివాడు ఒకడు కూర్చుని ఉన్నాడు. సలాం అన్నాను. వాడికి అరబ్బీ రాదు. కానీ ఆ ఒక్క మాటకు జవాబు వచ్చు. గేటు తీశాడు."

లోపల ఆ నున్నటి గోపురం నేను చెప్పినట్టే ఉందట. నమాజు చేసుకుని వస్తే ముసలివాడు ఆయన్ని పక్కనే ఉన్న తన ఇంటికి తీసుకుపోయి మాంసం, రొట్టె పెట్టాడట. మిగిలిన రోజులన్నీ అక్కడే తిన్నాడట. మాట ఒకరిది ఒకరికి తెలియకుండా ఇద్దరూ పూటపూటా కూర్చుని తినేవాళ్లట.

చదవడం రాకపోతే రాదని చెప్పొచ్చు కదా అన్నాడు చివరికి. చెబితే మళ్లీ సైట్‌కు పంపేస్తారని భయపడ్డానన్నాను. "పంపేవాణ్ణే" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. ఈరోజే పోతాను అర్బాబ్ అన్నాను. కూర్చో అన్నాడు. ఇప్పుడు నీకు చదవడం వచ్చిందని ఇంట్లో ఆమె చెబుతోంది, వచ్చినవాణ్ణి ఎందుకు పంపుతానన్నాడు.

ఇవాళ ఒక మనిషిని రెండు నెలలపాటు అలా మోసం చెయ్యడం ఎవరి తరమూ కాదు. మా శ్రీనివాసు ఫోన్‌లో రామ్ అని కొడితే క్షణంలో పొట్టేలు ప్రత్యక్షమవుతుంది. హలాల్ హోటళ్లు ఎన్ని ఉన్నాయో, ఏది ఎన్ని అడుగుల దూరమో అదే చెబుతుంది. వాడికి ఆకలి వెయ్యదు, దారి తప్పదు, ఏ గేటు ముందూ నిలబడి సలాం చెప్పాల్సిన అవసరం రాదు. మంచిదే. ఎవరూ ఎవరి వల్లా పస్తులుండకూడదు. అయితే వాడు ఆ ఊరి బొమ్మలన్నీ చూపించడానికి మూడు నిమిషాలు పట్టింది. అర్బాబ్ బిందె మీద ఆకు ఒక్కటే వినడానికి మూడు మధ్యాహ్నాలు తీసుకున్నాడు. నేను చేసింది తప్పే. కానీ అంత శ్రద్ధగా నా మాట విన్న మనిషి మళ్లీ నాకు దొరకలేదు. తర్వాత్తర్వాత నేను రాసిన పుస్తకాలు చదివేవాళ్లతో కలిపి చెబుతున్నాను.

ఆ వారమే శుక్రవారం నమాజు తర్వాత ఊరి పెద్దలు ప్రయాణం ముచ్చట్లు వినడానికి అర్బాబ్ ఇంటికి వచ్చారు. పది పన్నెండు మంది. నేను కాఫీ పోస్తున్నాను. ఆయన ఏం చెబుతాడోనని చెవులు అటే పెట్టాను. రామ్‌ల సంగతి వాళ్లలో కొందరికి అదివరకే చేరింది కూడా. అర్బాబ్ గొంతు సవరించుకుని, అది ముత్యాల నది ఒడ్డున ఉన్న పట్నం అని మొదలుపెట్టాడు. తర్వాత ఒడ్డున ఇసుకలో మంగళ్లను కూర్చోబెట్టాడు. పడవవాడి చేత కేక వేయించాడు. ఆడవాళ్ల చేత ఇత్తడి బిందెల్లో నీళ్లు మోయించి, ఒక్కో బిందె మీదా ఒక్కో ఆకు వేయించాడు. అరబ్బీలో మా ఊరు అంత బాగుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. గిన్నెల కర్మాగారాలు, ప్రదర్శన హాళ్లు, పది అంతస్తుల హోటల్ ఒక్క ముక్కలో అయిపోయాయి. మసీదు గురించి మాత్రం చెప్పలేదు. అది ఆయన తన కోసం దాచుకున్నాడనుకుంటాను. వాళ్లలో ఒక అనుమానపు పెద్దమనిషి ఉన్నాడు. నదిలో మునిగేవాళ్ల చెవులకు వెల్లుల్లి నూనె అనగానే ఆయన అర్బాబ్‌ను వదిలి నా వైపు తిరిగి, పుస్తకం చదివింది నువ్వే కదా, ఇవన్నీ అందులో ఉన్నాయా అని అడిగాడు. అందరూ నన్ను చూశారు. అర్బాబ్ తన కాఫీ గిన్నెలోకి చూసుకుంటున్నాడు. ఉన్నాయి, నేనే చదివానన్నాను. అర్బాబ్ ఇక చాలన్నట్టు గిన్నె అటూ ఇటూ ఊపి నా చేతికిచ్చాడు. ఆ ఇంట్లో ఆయన అనుమతితో నేనాడిన మొదటి అబద్ధం అది.

ఆయన కాంటన్‌లో ఎంచి ఎంచి, కొట్టి కొట్టి చూసి తెప్పించిన లాంతర్లు ఓడ దిగి రుస్తాఖ్ చేరేసరికి, మా పాత కంపెనీవాళ్లే ఊళ్లో కరెంటు స్తంభాలు పాతుతున్నారు. అర్బాబ్ వాటిని కొండల మీది ఊళ్లకు పంపించి, కరెంటు అక్కడికి ఎక్కేలోగా అమ్మేశాడు. నేను ఆయన దగ్గరే ఉండిపోయాను. మధ్యాహ్నాలు చాప మీద కూర్చోవడం మానలేదు. ఇప్పుడు పుస్తకం మధ్యలో లేదు. నది గురించి చెప్పు రాజా అనేవాడు, చెప్పేవాణ్ణి.

రెండేళ్లకు సెలవు దొరికింది. ఎండాకాలం. ఊరు చేరిన మర్నాడే నది దగ్గరికి పోయాను. గోదావరి ఇసుక మధ్య సన్నగా, ఒక పక్కకు ఒదిగి పారుతోంది. మా ఫలజ్ కంటే కాస్త పెద్దది, అంతే. మంగళ్లు వరసగా లేరు, ఒక్కడే ఉన్నాడు, వాడు గడ్డం గీస్తున్నంతసేపూ గల్ఫ్‌కు వీసా దొరుకుతుందా అని తప్ప ఏ సంగతీ చెప్పలేదు. పడవవాడు నన్ను పేరు పెట్టి పిలవలేదు, గుర్తుపట్టలేదు. బిందెల మీద ఆకులు వేసేవాళ్లు ఒకరో ఇద్దరో ఉన్నారు. నేను ఎవరికో చూపించడానికి రమ్మని పిలిస్తే వాళ్లు రానట్టు, నాకు ఒకటే చిరాకు. మా అమ్మ, ఇంత దూరం నుంచి వచ్చి ఇంట్ల గూసోక ఆ ఇసుకల ఏం దేవులాడుతున్నవురా అని అడిగింది.

సెలవు అయ్యాక రుస్తాఖ్ తిరిగి వచ్చాను. అర్బాబ్ లేచి ఎదురువచ్చి, కూర్చోబెట్టి, తనే కాఫీ పోసి, మీ ఊరు ఎలా ఉంది అని అడిగాడు. అచ్చం నేను చెప్పినట్టే ఉంది అర్బాబ్ అన్నాను. ఆయన నా ముఖంలోకి కాసేపు చూశాడు.

"ఎన్నో రోజుకు తిరిగి రావాలనిపించింది?"

ఆయనకు అబద్ధం చెప్పే ఓపిక ఆ రోజు నాలో లేదు.

"నాలుగో రోజుకు" అన్నాను.

"నాకు మూడో రోజుకే" అన్నాడు అర్బాబ్, ఏదో పందెం గెలిచినవాడిలా, దిండుకు ఆనుకుంటూ.